ఏడేళ్ళుగా రోజుకి రెండుసార్లు: మా ఇంటి నెబ్యులైజర్ మిషన్ కథ

ఆన్‌లైన్‌లో నెబ్యులైజర్ల (మందుని పొగలా చేసి పీల్పించే మిషన్లు) కింద రివ్యూలు చూస్తే అన్నీ మొదటి వారంలో రాసినవే ఉంటాయి. ప్యాకింగ్ బాగుంది, డెలివరీ తొందరగా వచ్చింది, బాబుకి జలుబు తగ్గింది, ఐదు స్టార్లు. జలుబుకి నాలుగు రోజులు వాడి అటకెక్కించేవాళ్ళకి ఏ మిషనైనా ఒకటే. మా ఇంట్లో అది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, సంక్రాంతైనా ఠాకురాణి జాతరైనా ఆగకుండా నడుస్తుంది. ఇప్పుడున్నది 2019 జనవరిలో కొన్నాం, దానికి ముందు రెండు చచ్చాయి, మధ్యలో ఒకటి దండగైంది. అందుకని నాలుగు మిషన్ల అనుభవంతో రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

కంపెనీల పేర్లు రాయను. పాడైనదాని పేరు రాస్తే ఎవడో వచ్చి గొడవపడతాడు, బాగున్నదాని పేరు రాస్తే డబ్బులు తీసుకుని రాసిందంటారు. ఎలాగూ మోడళ్ళు మారిపోతుంటాయి. ఏ రకం కొనాలో తెలిస్తే చాలు.

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా, కానీ నాలుగు అడుగులేస్తే పాతపట్నం, ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆసుపత్రిలో ఏది ముందొస్తే అది. మా పెద్దాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్. ఈ మాట చెప్తే ఇక్కడ పదిమందిలో తొమ్మిదిమంది "అదేటి, టీబీయా?" అంటారు. టీబీ కాదు, అంటదు, పుట్టుకతో వచ్చేది. ఒంట్లో ఉప్పూ నీరూ కణాల్లోంచి అటూ ఇటూ వెళ్ళే ఒక తలుపు ఉంటుంది, ఆ తలుపు తయారుచేసే జన్యువు తల్లి దగ్గర్నుంచీ తండ్రి దగ్గర్నుంచీ రెండూ చెడ్డవే వస్తే ఆ తలుపు సరిగ్గా పనిచేయదు. దాంతో ఊపిరితిత్తుల్లో పల్చగా ఉండాల్సిన తడి ఆరిపోతున్న గంజిలా చిక్కబడి అతుక్కుంటుంది, అందులో క్రిములు కాపురం పెడతాయి. ఆ గళ్ళని, అంటే కఫాన్ని, పల్చబరిచి బయటికి తెప్పించడమే ఈ మిషన్ పని. మాది మేనరికం, మా అత్తగారే నాకు మేనత్త, కాబట్టి ఒకే చెడ్డ జన్యువు రెండు వైపుల నుంచీ వాడికి చేరింది. మేనరికం చేసుకున్నవాళ్ళందరికీ ఇలా అవుతుందని కాదు, కానీ తెలిస్తే మంచిది.

ఇప్పుడు మొదటి మిషన్. వాడికి నాలుగేళ్ళప్పుడు, 2012లో. అంతకుముందు రెండేళ్ళు మేం పడ్డ పాట్లు వేరే కథ. ఆస్తమా అన్నారు, ప్రైమరీ కాంప్లెక్స్ అని ఆర్నెల్లు టీబీ మందులు మింగించారు, ఎంత తిన్నా పిల్లాడు పుల్లలా ఉండేవాడు, దొడ్డికెళ్తే నీళ్ళమీద జిడ్డు తేలేది, వాసన వీధిలోకి వచ్చేది. అసలు సంగతి ముందు కనిపెట్టింది మా అత్త. ఎండాకాలంలో ఎత్తుకుని ముద్దుపెట్టుకుని "ఏటే, ఈ గుంటడు ఉప్పుచేపలాగున్నాడు" అంది. అందరం నవ్వాం. వాడి నల్ల బనీను ఆరితే వీపుమీద తెల్లగా మ్యాప్ గీసినట్టు గీతలుండేవి. వెల్లూరులో చెమట పరీక్ష చేశాక అర్థమైంది ఆ ముసలమ్మ చెప్పిందే రోగ నిర్ధారణని. చేతిమీద చిన్న కరెంటుతో చెమట పట్టించి అందులో క్లోరైడ్ ఎంతుందో చూస్తారు, అరవై దాటితే జబ్బున్నట్టే, మావాడికి నూటికి పైనే. 1948లో న్యూయార్క్‌లో వడగాడ్పులకి ఈ జబ్బున్న పిల్లలే ఎక్కువగా సొమ్మసిల్లి ఆసుపత్రికొస్తుంటే డి సాంట్ ఆగ్నీస్ అనే డాక్టరుకి అనుమానమొచ్చి ఈ చెమట సంగతి బయటపెట్టాడట. మన ఎండలకి అలాంటి పిల్లలు ఎంతమంది వడదెబ్బ ఖాతాలో వెళ్ళిపోయారో ఎవరికి తెలుసు.

సరే, మిషన్. వెల్లూరు డాక్టరు కాగితంమీద రాసిచ్చింది పట్టుకుని వైజాగ్ కేజీహెచ్ డౌన్‌లో ఒక సర్జికల్ షాపుకెళ్తే, చిన్నపిల్లాడని పసుపురంగు చేప బొమ్మ మిషన్ ఇచ్చారు. పదమూడు వందలు. వాడికి భలే నచ్చింది. పద్నాలుగు నెలలు పనిచేసి ఒకరోజు కాలిన వాసనొచ్చి ఆగింది. తప్పు మాదీ ఉంది. మిషన్ కింద స్టిక్కర్‌మీద సన్న అక్షరాల్లో ముప్పై నిమిషాలు నడిపితే ముప్పై నిమిషాలు ఆపాలని ఉంది, ఎవడు చదివాడు? మేం ముందు ఊపిరిగొట్టాలు తెరుచుకునే మందు, తర్వాత ఉప్పునీరు, అది అయ్యాక వీపు తట్టి దగ్గించడం, చివర్న యాంటీబయాటిక్ పొగ, మొత్తం మిషన్ నడిచేదే నలభై నిమిషాలు దాటేది. జలుబు కోసం చేసిన మోటారుతో ధాన్యం మిల్లు నడిపినట్టు. కొనేముందు ఆ స్టిక్కర్ తిప్పి చూడండి. నిరంతరం నడపొచ్చని రాసున్నది మాత్రమే మనలాంటివాళ్ళకి పనికొస్తుంది. షాపువాళ్ళని అడిగితే "చొలిబొ, చొలిబొ" అంటారు, అంటే నడుస్తుందిలే అని. ఆ మాట నమ్మకండి.

రెండోది బరంపురంలో కొన్నాం, కొంచెం మెరుగు. దాన్ని తిత్లీ తినేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫాను, మా గజపతి జిల్లాలో వానా వరదా కలిపి కొట్టింది. ఇంట్లోకి నీళ్ళొచ్చి కింద అరలో ఉన్న మిషన్ మునిగింది. మునగకపోయినా లాభం లేదు, మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. ఆ తొమ్మిది రోజులూ వాణ్ణి మంచంమీద తల కిందికి వాల్చి పడుకోబెట్టి, దోసిలి పట్టినట్టు చెయ్యి ముడిచి మావారూ నేనూ వంతులేసుకుని వీపు తట్టాం. పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు. ఏడో రోజుకి గళ్ళ ఆకుపచ్చగా మారింది, జ్వరం. రోడ్లు తెరిచాక వైజాగ్ తీసుకెళ్ళి రెండు వారాలు సెలైన్ గొట్టంలో యాంటీబయాటిక్ ఎక్కించాల్సొచ్చింది.

ఆ భయంలో కొన్నదే మూడోది, బ్యాటరీతో నడిచే చేతిలో పట్టే మెష్ నెబ్యులైజర్. ముచ్చటగా ఉంటుంది, శబ్దం రాదు, జేబులో పడుతుంది. జల్లెడలాంటి సన్న రేకు వణికి మందుని పొగలా చేస్తుంది. ఉత్త మందుకి బాగుంది. మేం పట్టేది చిక్కటి ఉప్పునీరు, అది ఆరితే రేకు కన్నాల్లో ఉప్పు గడ్డకడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే తెల్ల చుక్కలు కనిపించేవి. డిస్టిల్డ్ వాటర్‌తో ప్రతిసారీ కడిగినా మూడు నెలలకి పొగ సన్నగిల్లింది, నాలుగో నెలకి లేదు. రేకు మార్చాలంటే సగం మిషన్ ధర అన్నారు. ప్రయాణాలకి, కరెంటు పోయినప్పటికి రెండోదానిగా పెట్టుకోండి, ప్రధానంగా మాత్రం వద్దు. ఇప్పుడు కొత్తవి మెరుగయ్యాయంటున్నారు, నేను వాడలేదు.

ఇక అసలు హీరో, నాలుగోది. చూడ్డానికి ఏం బాగోదు. బూడిద రంగు డబ్బా, ఇటుకంత బరువు, పిస్టన్ కంప్రెసర్, మూడువేల నాలుగొందలు. శబ్దం విని పక్కింటివాళ్ళు మేం మిక్సీ పట్టుకుంటున్నామనుకున్నారు. పద్ధతి పాతదే: గాలిని ఒత్తిడితో సన్న కన్నంలోంచి తోస్తుంది, ఆ గాలి కప్పులో మందుని పైకి లాగి ముక్కలు చేస్తుంది. అందులో కిటుకల్లా తుంపర సైజు. ఒకటి నుంచి ఐదు మైక్రాన్లుంటేనే కింది గొట్టాలదాకా వెళ్తుంది, పెద్దదైతే గొంతులోనే పడిపోతుంది, పొగ బాగా వస్తోందని మనం మురిసిపోవడమే మిగులుతుంది. పెట్టెమీద ఆ అంకె రాసి ఉంటుంది, చూసుకోండి. నాలుగు మిల్లీలీటర్లకి మాకు పన్నెండు నిమిషాలు పడుతుంది. ఇరవై దాటిందంటే కప్పు పాతబడిందనో, ఫిల్టరు నల్లబడిందనో, వోల్టేజీ పడిపోయిందనో అర్థం.

వోల్టేజీ మా ఊరి రోగం. మే నెల సాయంత్రాలు ఫ్యాను ఆయాసపడుతూ తిరుగుతుంది, మిషనూ అంతే. చిన్న స్టెబిలైజర్ పెట్టాక బాగుపడింది. ఇన్వర్టరుమీద కూడా నడుస్తుంది కానీ సైన్‌వేవ్ రకం ఉండాలి, పాత రకం ఇన్వర్టరుమీద పెడితే మోటారు గుర్రుగుర్రుమని వేడెక్కింది. ఏడేళ్ళలో మార్చినవి: ఫిల్టర్లు లెక్కలేదు, ట్యూబు నాలుగుసార్లు, కప్పు ఆర్నెల్లకోసారి, పిస్టన్ రింగు ఒకసారి. ఆ రింగు బరంపురంలో కుట్టుమిషన్లు బాగుచేసే ఒకాయన వేశాడు, నూట ఎనభై రూపాయలు. సర్వీస్ సెంటరుకి ఫోన్ చేస్తే భువనేశ్వర్ పంపించమన్నారు, పది పదిహేను రోజులన్నారు. పది పదిహేను రోజులు వీడు ఏం పీల్చాలి? స్క్రూలు విప్పితే తెరుచుకునే మిషన్ కొనండి, అతికించిన ప్లాస్టిక్ పెట్టెలొద్దు.

కడగడం గురించి ఒక్కమాట, ఇందులో బద్ధకిస్తే మిషన్ పెట్టకపోవడమే నయం. తడిగా వదిలేసిన కప్పులో పెరిగే క్రిముల్నే తిన్నగా పిల్లాడి ఛాతీలోకి పంపుతాం. సూడోమోనాస్ అనే క్రిమి ఒకసారి ఇల్లు కట్టుకుంటే పోవడం కష్టం. మా వంటింట్లో దీనికో చిన్న గిన్నె ఉంది, అందులో ఇంకేం వండం. సబ్బుతో కడిగి, ఐదు నిమిషాలు మరగబెట్టి, ఉతికిన గుడ్డమీద బోర్లిస్తాం. కొత్తలో మా ఆడపడుచు వచ్చి ఆ గిన్నెలో టీ పెట్టింది, ఆరోజు మా అత్త చేసిన గొడవకి ఇప్పటికీ ఆవిడ మా ఇంట్లో టీ అడగదు. ఇంకోటి, ఉప్పునీరు ఇంట్లో కలపకండి. షాపులో మూడు శాతం, ఏడు శాతం అని రెస్పూల్స్, అంటే ఒక్కసారికి సరిపడే చిన్న ప్లాస్టిక్ సీసాలు, దొరుకుతాయి. వంట ఉప్పు, బోరు నీళ్ళు ఊపిరితిత్తులకి పెట్టే పదార్థాలు కావు.

ఇంత గోల ఒక మిషన్‌కి అవసరమా అని ఎవరికైనా అనిపిస్తే, అది మొదట్లో నాకూ అనిపించింది. 2012లో వెల్లూరు నుంచి వచ్చిన రాత్రి మావారి ఫోన్‌లో ఈ జబ్బువాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతారని వెతికాను. అప్పట్లో అమెరికా లెక్క నలభైకి అటూ ఇటూ. నాలుగేళ్ళ పిల్లాడు పక్కలో గురకపెడుతుంటే నలభైలోంచి నాలుగు తీసేసి కూర్చున్నాను. జాతకం చూసినట్టు చూశాను, తప్పంతా అక్కడే. ఆ అంకె ఫలానా వయసుకి పోతారని చెప్పే గడువు కాదు. ఇప్పుడున్న మరణాల రేటే ముందుముందు కూడా ఉంటే, ఈమధ్య పుట్టినవాళ్ళలో సగంమంది ఆ వయసు దాటుతారని. వైద్యం మారితే అంకే మారుతుంది. మారింది కూడా. 2019 నుంచి 2023 మధ్య అమెరికాలో పుట్టిన ఈ జబ్బు పిల్లలకి 2023 నాటి లెక్క అరవై ఒకటి. మావాడు పదమూడేళ్ళు పెరిగేలోపు ఆ లెక్క ఇరవై ఏళ్ళు ముందుకెళ్ళింది.

1938లో డొరొతీ ఆండర్సన్ అనే ఆవిడ దీనికి పేరుపెట్టినప్పుడు పిల్లలు పసితనంలోనే పోయేవారు. 1950ల్లో బడిలో చేరే వయసుదాకా బతకడమే గొప్ప. అక్కణ్ణుంచి నలభైదాకా తెచ్చింది ఏ ఒక్క మాయ మందూ కాదు. వీపు తట్టడం, యాంటీబయాటిక్స్, తిన్న కొవ్వు అరగడానికి అన్నంతో ఎంజైము గొట్టాలు (క్యాప్సూల్స్), ఒకే చోట అన్నీ చూసే క్లినిక్కులు, 1993లో గళ్ళని కత్తిరించే డోర్నేజ్ ఆల్ఫా, 1997లో పీల్చే యాంటీబయాటిక్ టోబ్రమైసిన్. ఉప్పునీటి సంగతైతే మరీ చిత్రం. ఆస్ట్రేలియాలో సముద్రపు అలలమీద ఆడే రోగులు మిగతావాళ్ళకంటే బాగుంటున్నారని గమనించి, 2006లో 164 మందిమీద ఏడాది దగ్గర పరీక్షించారు. రోజుకి రెండుసార్లు ఏడు శాతం ఉప్పునీరు పీల్చినవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టడం సగానికి పైగా తగ్గింది. మా బారువ బీచ్‌లో వాణ్ణి ముంచితే చాలుగదా అని మావారు. ముంచాం కూడా, దగ్గీ దగ్గీ నవ్వాడు.

తిండి సంగతి ఇంకా గట్టిది. 1988లో బోస్టన్‌నీ టొరంటోనీ పోల్చి చూశారు. ఈ జబ్బువాళ్ళలో సగంమంది బతికే వయసు బోస్టన్‌లో ఇరవై ఒకటి దగ్గరుంటే టొరంటోలో ముప్పై. ఊపిరితిత్తుల పరీక్షల్లో పెద్ద తేడా లేదు. టొరంటోవాళ్ళు కొవ్వు తినొద్దనే బదులు ఎంజైములిచ్చి బాగా తినమన్నారు, అంతే. ఇది నేను మా అత్తకి చెప్పిన రోజు పండగ. దగ్గుకి నెయ్యి పెట్టకూడదని రెండేళ్ళు ఆవిడ నెయ్యి గిన్నె దాచింది. ఇప్పుడు అన్నంలో నెయ్యి, చోడి అంబలిలో ఉప్పూ వెన్నా, ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో ఉప్పు రెండింతలు. ఎంజైము గొట్టాలు మొదటి ముద్దకి ముందు సగం, మధ్యలో సగం. లోపలి గింజలు నమిలితే నోరు పొక్కుతుంది, చిన్నప్పుడు ఒకసారి పొక్కింది, ఇంక మర్చిపోలేదు.

2019 అక్టోబరులో, అంటే మేం ఈ బూడిద డబ్బా కొన్న ఏడాదే, అమెరికాలో ట్రైకాఫ్టా అనే మందుకి అనుమతొచ్చింది. అది గళ్ళ సంగతి కాదు, చెడిపోయిన తలుపునే కొంత బాగుచేస్తుంది. మావాడి రెండు జన్యువులూ ఆ మందు పనిచేసే రకమేనని కాగితంలో ఉంది, ఎఫ్508డెల్. విడుదలైనప్పుడు ఏడాదికి మూడు లక్షల పదకొండు వేల డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసి ఫోన్ పక్కన పడేశాను. ఆ అరవై ఒకటిలో ఈ మందు వాటా పెద్దదని నాకు తెలుసు, కాబట్టి ఆ అంకె మాది అని నన్ను నేను మోసం చేసుకోను. కెనడా, అమెరికా మధ్యే ఒకప్పుడు పదేళ్ళ తేడా ఉండేది, కెనడావాళ్ళకి యాభై దాటితే అమెరికావాళ్ళకి నలభై. డబ్బూ మిషన్లూ ఉన్న దేశాల మధ్యే అంత తేడా అయితే పర్లాకిమిడికి ఎంత? మన దగ్గర జబ్బు పేరు తెలియకుండానే పోయే పిల్లలు లెక్కలోకే రారు. 2021లో కేంద్రం తెచ్చిన అరుదైన జబ్బుల విధానంలో దీని పేరుంది, ఎంజైముల కింద. హైదరాబాద్ నిమ్స్ లాంటి కేంద్రాల్లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు చిన్నగా ఉన్నవాళ్ళు ఆ పని ముందు చూసుకోండి, మేం ఆలస్యంగా తెలుసుకున్నాం.

అందుకే మూడువేల నాలుగొందల డబ్బా గురించి ఇంత రాస్తున్నాను. నా చేతికందే మందు ఇదొక్కటే. నలభైదాకా మోసుకొచ్చిన పాత పనులన్నీ ఇలాంటివే: రోజూ చేయాల్సినవి, ఒక్కరోజు మానితే ఏమీ కానట్టుండేవి.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఒక మార్కు ఎందుకు తీశానంటే, ఆ శబ్దానికి టీవీ వినపడదు, వైరు చాలా పొట్టి, మాన్యువల్లో హిందీ, ఇంగ్లీషు తప్ప ఒడియా లేదు, తెలుగు అసలే లేదు. మా అత్తలాంటివాళ్ళు ఆ స్టిక్కర్ ఎలా చదువుతారు? పెద్దపెద్ద కంపెనీలకి ఒక కాగితం అచ్చువేయడానికి ఏం రోగం?

బరువు సంగతి మాత్రం ఈమధ్యే ఇబ్బందైంది. వాడికి పదిహేడు నిండాయి, ప్లస్ టూకి బరంపురంలో హాస్టల్‌లో ఉంటున్నాడు. నేను వద్దన్నాను, వాళ్ళ నాన్న పంపించాడు, నెల్లాళ్ళు ఇంట్లో మాటల్లేవు. వాడే బ్యాగు సర్దుకున్నాడు, బట్టలు ఒక సంచిలో, డబ్బా, గిన్నె, గుడ్డ ఇంకోదాంట్లో. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడట. మొదటి వారం రోజూ ఫోన్ చేసి పట్టావా అని అడిగితే, రెండో వారం వాడే పొద్దున్నే ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా మిషన్ పక్కన ఫోన్ పెట్టేవాడు, ఆ గురగుర వింటే నేను పెట్టేసేదాన్ని. గదిలో ఇంకో ముగ్గురున్నారు, ఒకడికి ఆ శబ్దానికి నిద్రపట్టడం లేదట, ఇంకొకడు దానికి తగ్గట్టు పాట కట్టాడట.

ఇప్పుడు సమస్య ప్లగ్గు. అది తలుపు దగ్గరుంది, మంచం కిటికీ దగ్గర. నిలబడి పన్నెండు నిమిషాలు పీల్చలేక చదువుకునే కుర్చీ రోజూ ఈడుస్తున్నాడు. మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఏది కొంటే బాగుంటుందో, హాస్టళ్ళలో వాడినవాళ్ళు కింద రాయండి.